మా అబ్బాయిది బారిటోన్ గొంతు అన్నారు, ఒపెరా వృత్తి ఎలా ఉంటుంది? – సమాధానం

ప్రశ్న క్లుప్తంగా ఇదీ. డల్లాస్‌లో పదకొండో తరగతి చదువుతున్న అబ్బాయి ఏడేళ్లు కర్ణాటక సంగీతం నేర్చుకున్నాడు. స్కూలు కోయిర్ టీచర్ "నీది బారిటోన్ గొంతు, ఒపెరా వైపు చూడు" అన్నారు. బారిటోన్ అంటే మరీ పైదీ, మరీ కిందిదీ కాని మగ గొంతు. వాడు అమెరికా ఒపెరా బారిటోన్ లెనార్డ్ వారెన్ గురించి చదివి ఆయనలాగే అవుతానంటున్నాడు. తల్లిదండ్రుల సందేహాలు మూడు: గొంతు నిజంగా పనికొస్తుందా, ఆ వృత్తిలో బతుకు ఎలా ఉంటుంది, వారెన్ స్టేజి మీదే పోయాడట కదా, పాడటం అంత ప్రమాదమా.

చివరి సందేహంతోనే మొదలుపెడతాను. మిమ్మల్ని ఎక్కువ భయపెడుతున్నది అదేననిపిస్తోంది.

1960 మార్చి 4 రాత్రి, న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపెరా. ఇటలీ స్వరకర్త వెర్డి రాసిన ‘లా ఫోర్జా డెల్ డెస్టినో’లో వారెన్ డాన్ కార్లో పాత్ర వేశాడు. ఆ పాత్రకున్న పెద్ద ఏరియా (ఒపెరాలో ఒక్కరే పాడే పాట) చావు ఎంత భయంకరమైనదో అన్న మాటతో మొదలవుతుంది. అది పాడి ముగించాడు, చప్పట్లు పడ్డాయి. గాయపడ్డ స్నేహితుడు బతికాడన్న కబురు వైద్యుడి పాత్రధారి తెచ్చాక, కొద్ది క్షణాల్లో కుప్పకూలిపోయాడు. వయసు 48. మెదడులో రక్తస్రావం అని అక్కడి వైద్యుడు చెప్పాడు. ప్రదర్శన అక్కడితో ఆపేశారు. ఆ ఒపెరా అపశకునమని పేరెత్తడానికి కూడా జంకే గాయకులు అంతకుముందే ఉన్నారు, ఈ సంఘటనతో ఆ నమ్మకం ఇంకా బలపడింది. కానీ ఆయన గొంతుకు ఏమీ కాలేదు. మూడు రోజుల ముందు, మార్చి 1న, ‘సైమన్ బొకానెగ్రా’ కొత్త ప్రొడక్షన్‌లో టైటిల్ పాత్ర పాడాడు. అది ఆయన కెరీర్‌లో మంచి రాత్రుల్లో ఒకటి. రక్తపోటు ఉన్న 48 ఏళ్ల మనిషికి ఆఫీసులోనూ ఇలా జరగొచ్చు. కాబట్టి ఆ భయం పక్కన పెట్టండి. ఈ వృత్తిలో భయపడాల్సినవి వేరే ఉన్నాయి, అవి చెబుతాను.

ముందు గొంతు సంగతి. బారిటోన్ అంటే ఏదో అరుదైన వరం కాదు. మగ గొంతుల్లో ఎక్కువ భాగం బారిటోన్లే. టెనర్ (పై మగ గొంతు), బాస్ (కింది మగ గొంతు) గొంతులే తక్కువ. మీ ఇంట్లో తంబురా ఉంది కాబట్టి ఆ లెక్కలోనే చెప్పుకుందాం. ఒక కట్టె శ్రుతి (పాశ్చాత్యుల C) పెట్టుకుంటే, బారిటోన్ పాడాల్సిన మేర దాదాపుగా మంద్రస్థాయి చతుశ్రుతి ధైవతం నుంచి తారస్థాయి పంచమం దాకా. పెద్ద వెర్డి పాత్రలకు పైన శుద్ధ ధైవతం కూడా కావాలి. కర్ణాటక కచేరీ చేసే మగ గాయకుడు దాదాపు ఇంతే మేరలో తిరుగుతాడు. అంటే మేర మీవాడికి ఇప్పటికే ఉండొచ్చు. మేర చూసి మురిసిపోతే మాత్రం పొరపాటు.

తేడా మూడు చోట్ల ఉంది. మొదటిది, మన కచేరీలో శ్రుతి గాయకుడి ఇష్టం. జలుబు చేస్తే అర కట్టె దించుకుని కూర్చుంటాడు, ఎవరూ అడగరు. ఒపెరాలో స్వరం కాగితం మీద ఉంటుంది, ఎనభై మంది ఆర్కెస్ట్రా దానికే కట్టుబడి వాయిస్తుంది. పైగా ఆ శ్రుతి కూడా కాలంతో పాటు పైకి జరిగింది. 1884లో ఇటలీ ప్రభుత్వం ‘ఎ’ స్వరానికి సెకనుకు 432 కంపనాలను ప్రామాణిక శ్రుతిగా పెట్టినప్పుడు వెర్డి దాన్ని సమర్థించాడు. ఇప్పుడు 440 మామూలు, వియన్నాలో 443. 432 నుంచి 440కి తేడా అర్ధస్వరంలో మూడో వంతు. వినడానికి చిన్నదే, కానీ గంటల తరబడి గొంతు అంచు మీద నిలబడేవాడికి అది చిన్నది కాదు.

రెండోది, ఎంతసేపు ఎక్కడ నిలవాలి అన్నది. కర్ణాటక గాయకుడు తారస్థాయి పంచమాన్ని తాకి, కాసేపు నిలిచి, కిందికి వచ్చేస్తాడు. వెర్డి బారిటోన్ పాత్రల్లో పాట ఎక్కువ భాగం పై అయిదారు స్వరాల్లోనే నడుస్తుంది. గొంతు పై భాగాన్నే వెర్డి పదే పదే వాడతాడని బెర్నార్డ్ షా అప్పట్లోనే విసుక్కున్నాడు.

మూడోది మైకు లేకపోవడం. ప్రస్తుత మెట్రోపాలిటన్ హాలులో సుమారు 3,800 సీట్లు. మిలాన్ లా స్కాలా సుమారు 2,000. మీ ఊళ్లోని విన్‌స్పియర్ ఒపెరా హౌస్ సుమారు 2,200. చివరి బాల్కనీలో ఉన్నవాడికి ఆర్కెస్ట్రా మీదుగా మాట వినపడాలి. ఇది గట్టిగా అరిస్తే అయ్యే పని కాదు. స్వీడన్ ధ్వనిశాస్త్రవేత్త యోహాన్ సుండ్‌బెర్గ్ 1970లలో చూపించింది ఏమిటంటే, ఆర్కెస్ట్రా బలమంతా 500 హెర్ట్జ్ చుట్టుపక్కల ఉంటుంది, ఆపైన తగ్గిపోతుంది. శిక్షణ పొందిన మగ గొంతులో మాత్రం 3,000 హెర్ట్జ్ దగ్గర ఒక శక్తి గుట్ట ఉంటుంది. స్వరపేటికకు సరిగ్గా పైనున్న సన్నటి గొట్టం ఇరుకుగా, దాని వెనక గొంతు విశాలంగా ఉన్నప్పుడు అది ఏర్పడుతుంది. ఆర్కెస్ట్రా బలహీనంగా ఉన్న చోట గొంతు దూరుతుంది. దాన్ని ఇటలీ వాళ్లు ‘స్క్విల్లో’ అంటారు, మన భాషలో చెప్పాలంటే కంచు మోత. మైకులు రాని రోజుల్లో మన పద్యనాటకాల నటులు చివరి వరస దాకా పద్యం అందించినప్పుడు కూడా గొంతులో పనిచేసింది ఇలాంటి మోతే. వాళ్లు దాన్ని పై శ్రుతితో సాధించేవారు. బారిటోన్‌కు ఆ సదుపాయం లేదు.

ఇక అసలు చిక్కు. మగ గొంతు కింద నుంచి పైకి వెళ్లేటప్పుడు మాట్లాడే గొంతు ఒకచోట ఆగిపోతుంది, అక్కడి నుంచి వేరే అమరిక కావాలి. ఈ మలుపును ‘పసాజ్యో’ అంటారు. తేలిక బారిటోన్‌కు అది ఒక కట్టె శ్రుతిలో మధ్యస్థాయి కాకలి నిషాదం దగ్గర మొదలై, తారస్థాయి అంతర గాంధారం దగ్గర పూర్తవుతుంది. బరువైన బారిటోన్‌కు అర్ధస్వరం కింద. ఆ గాంధారం దాటాక అచ్చును కొద్దిగా మూసి, గుండ్రం చేయాలి. ‘ఆ’ కాస్త ‘ఓ’ వైపు, ‘ఏ’ కాస్త ‘ఈ’ వైపు ఒరుగుతుంది. దీన్ని ‘కవర్’ చేయడం అంటారు. కుర్రవాళ్లు ఇక్కడ రెండు తప్పుల్లో ఒకటి చేస్తారు. ఒకటి, తెరిచిన ‘ఆ’తోనే మధ్యమం, పంచమం దాకా తోసుకుపోవడం. ఇది చాలా బలంగా వినిపిస్తుంది, బంధువులంతా చప్పట్లు కొడతారు, రెండు మూడేళ్లలో గొంతు మధ్యభాగం గాలి కారడం మొదలవుతుంది. రెండోది, ముందుగానే మూసేసి, నాలుక వెనక్కి లాగి, ముప్ఫై అయిదేళ్ల వాడిలా బరువు తెచ్చుకోవడం. బయట గంభీరంగా ఉంటుంది, హాలులో పదో వరస దాటదు. పదిహేడేళ్ల గొంతు పదిహేడేళ్ల గొంతులాగే వినిపించాలి.

కర్ణాటక సాధన ఎంతవరకు సాయం అంటే, శ్రుతిజ్ఞానం, తాళం మీద పట్టు, జ్ఞాపకశక్తి అక్షరాలా బంగారం. కోయిర్‌లో పక్కవాళ్లకు పియానో సాయం కావాల్సిన చోట మీవాడు తనంతట తాను స్వరం పట్టగలడు. అకార సాధన కూడా మంచిదే. అడ్డం వచ్చేవి ఇవి: కూర్చుని, మైకుకు దగ్గరగా, తక్కువ గాలితో పాడే అలవాటు, స్వరం నుంచి స్వరానికి జారే అలవాటు, గమకం. ఒపెరా గొంతులో స్వరం సెకనుకు అయిదు నుంచి ఏడు సార్లు సహజంగా ఊగుతుంది. గమకం గాయకుడు కావాలని చేసేది. ఈ వైబ్రాటో గాలి, కండరాల సమతూకం నుంచి దానంతటది వచ్చేది. గొంతుతో ఊపి వైబ్రాటో తెప్పించబోతే మేకగొంతులా అవుతుంది. రెండూ కలిపి సాధన చేయొచ్చు, కానీ ఒకే గంటలో కాదు. ఉదయం ఒకటి, సాయంత్రం ఒకటి.

వారెన్ దారి ఎలా ఉందో చూస్తే మీకు కొంత అంచనా వస్తుంది. 1911 ఏప్రిల్ 21న న్యూయార్క్ బ్రాంక్స్‌లో, రష్యా నుంచి వచ్చిన యూదు కుటుంబంలో పుట్టాడు. ఇంటిపేరు మొదట వారెనాఫ్. తండ్రిది బొచ్చుతోలు వ్యాపారం, కొడుకూ అందులోనే పనిచేశాడు. 1935లో రేడియో సిటీ మ్యూజిక్ హాల్ కోరస్‌లో చేరాడు. మూడేళ్లు గుంపులో నిలబడి పాడాడు. 1938లో మెట్రోపాలిటన్ వాళ్లు రేడియోలో నడిపే ఆడిషన్‌కు వెళ్లాడు. కండక్టర్ విల్ఫ్రిడ్ పెలెటియే అవతలి గదిలో విని, ఎవరో పాత మహా గాయకుడి రికార్డు పెట్టి తనను ఆటపట్టిస్తున్నారనుకున్నాడని ప్రసిద్ధి. గెలిచాడు. చేతిలో కొన్ని ఏరియాలే తప్ప పెద్దగా పాత్రలు లేవు. డబ్బిచ్చి ఇటలీ పంపారు, అక్కడ కొన్ని నెలలు పాత్రలు నేర్చుకున్నాడు. 1939 జనవరిలో అసలు తొలి ప్రదర్శన: ‘సైమన్ బొకానెగ్రా’లో పావోలో. అది టైటిల్ పాత్ర కాదు, విలన్ పక్కపాత్ర. ఆ రాత్రి టైటిల్ పాత్ర లారెన్స్ టిబెట్‌ది. అదే పాత్రను వారెన్ మార్చి 1, 1960న పాడాడని పైన చెప్పాను కదా. అక్కడ ఆ పాత్ర ఆయనకు తొలిసారి దొరికింది 1949లో. పావోలో నుంచి ఆ చోటికి మధ్య పదేళ్లకు పైనే.

అదృష్టం కూడా ఉంది, దాన్ని దాచక్కర్లేదు. యుద్ధం వల్ల యూరప్ గాయకుల రాకపోకలు ఆగిపోయాయి. 1940ల మొదట్లో టిబెట్ గొంతు దెబ్బతింది. ఖాళీ అయిన చోటికి వారెన్ వచ్చాడు. కానీ ఆ చోటికి తొందరపడి రాలేదు. మెట్రోపాలిటన్‌లో, దాని పర్యటనల్లో కలిపి 600కు పైగా ప్రదర్శనలు చేశాడు. 1953లో లా స్కాలాలో, 1958లో సోవియట్ యూనియన్‌లో పాడాడు. బారిటోన్లు పైన శుద్ధ ధైవతం కోసం చెమటోడుస్తుంటే ఆయనకు అది ఆటగా ఉండేది, అయినా మధ్య స్వరాల్లో మెత్తగా పాడటమే ఆయన అసలు బలం అని నా అభిప్రాయం. 1950లో ఎర్నా బెర్గర్, జాన్ పియర్స్‌లతో రెనాటో చెల్లీని నిర్వహణలో చేసిన ‘రిగొలెట్టో’ రికార్డింగ్ వినిపించండి. మీవాడు పెద్ద స్వరాలు వింటాడు, అది సహజం. రిగొలెట్టో తన కూతురితో పాడే యుగళాలు వినమని చెప్పండి, గొంతు ఎంత తక్కువ వాడాడో తెలుస్తుంది.

గొంతు ఎక్కువ కాలం నిలవడం గురించి చెప్పాలంటే ఇద్దరు ఇటాలియన్ల పేర్లు పక్కపక్కన పెట్టాలి. టిట్టా రుఫ్ఫో 1877లో పుట్టాడు, జుసెప్పే డి లూకా 1876 చివర. ఇద్దరూ రోమ్‌లోని సాంటా చెచీలియాలో వెనచెస్లావో పెర్సికీని దగ్గర నేర్చుకున్నారు. డి లూకా మంచి శిష్యుడు. రుఫ్ఫోతో గురువుకు కుదరలేదు, బయటికి వచ్చేశాడు. తండ్రి ఇనుప పనిలో కొలిమి దగ్గర పెరిగిన మనిషి. 1898లో ‘లోహెన్‌గ్రిన్’లో వార్తాహరుడి చిన్న పాత్రతో మొదలుపెట్టి, పదేళ్లు తిరిగేసరికి ప్రపంచంలో అంత పెద్ద బారిటోన్ గొంతు మరొకటి లేదనిపించుకున్నాడు. 1931కల్లా విరమించాడు, అసలు గొంతు అంతకు కొన్నేళ్ల ముందే తగ్గింది. తనకు పాడటం ఎలాగో ఎప్పుడూ తెలియదని, అందుకే యాభై ఏళ్లకే గొంతు పోయిందని, తెలియనిదాన్ని పిల్లలకెలా నేర్పనని పాఠాలు చెప్పడానికి ఒప్పుకోలేదని అంటారు. డి లూకా గొంతు అందులో సగం కూడా ఉండదు. 1904లో ‘మదామ్ బటర్‌ఫ్లై’ తొలి ప్రదర్శనలో షార్ప్‌లెస్, 1918లో ‘జాన్ని స్కిక్కి’ తొలి ప్రదర్శనలో టైటిల్ పాత్ర ఆయనే. మెట్రోపాలిటన్‌లో 1915 నుంచి ఇరవై ఏళ్లు పాడి వెళ్లిపోయి, 63 ఏళ్ల వయసులో 1940లో తిరిగొచ్చి ‘లా ట్రావియాటా’లో జెర్మోంట్ పాడాడు. రుఫ్ఫో ప్రతి రాత్రీ అసలు సొమ్ము ఖర్చు పెట్టాడు, డి లూకా వడ్డీతోనే బతికాడు.

అందుకే పాత్రల వరస ముఖ్యం. సుమారుగా ఇలా ఉంటుంది. ఇరవై అయిదు లోపు: మోత్సార్ట్ పాపగేనో, గుల్యెల్మో, చిన్న చిన్న పాత్రలు, పాటల కచేరీలు. ఇరవై అయిదు నుంచి ముప్ఫై రెండు: రోసీని ‘బార్బర్ ఆఫ్ సెవిల్’లో ఫిగరో, మోత్సార్ట్ ‘మ్యారేజ్ ఆఫ్ ఫిగరో’లో కౌంట్, డోనిజెట్టి పాత్రలు. ముప్ఫై దాటాక: ఒనేగిన్, జెర్మోంట్, పోసా. ముప్ఫై అయిదు నుంచి: కౌంట్ డి లూనా, రెనాటో, రిగొలెట్టో. నలభైకి అటూఇటూ: మాక్బెత్, ఇయాగో, స్కార్పియా. స్కార్పియాలో పెద్ద పై స్వరాలు ఎక్కువ లేవు కాబట్టి తేలిక అనుకుంటారు. మొదటి అంకం చివర కోరస్, గంటలు, ఆర్గన్, పూర్తి ఆర్కెస్ట్రా మీదుగా మధ్య స్వరాల్లో పాడాలి. గొంతును నలిపేది అదే. కుర్ర బారిటోన్‌కు ఏదైనా చిన్న కంపెనీ ఇరవై ఏడేళ్లకే స్కార్పియా ఇస్తే అది గౌరవం కాదు, వాళ్లకు మనిషి దొరకలేదని అర్థం.

రిగొలెట్టో గురించి కాస్త విడిగా చెప్పాలి, ఎందుకంటే ప్రతి బారిటోన్ కల అది. 1851 మార్చి 11న వెనిస్‌లో మొదటిసారి ఆడింది. రెండో అంకంలో గూనివాడైన విదూషకుడు కూతురి కోసం దర్బారువాళ్ల మీద విరుచుకుపడతాడు. మొదట కోపం, తర్వాత తలుపు దగ్గర కొట్లాట, తర్వాత ఏడుస్తూ బతిమాలడం. ఈ మూడో భాగంలో చెల్లో ఒంటరిగా కింద పాకుతుంటే గొంతు మెత్తగా, పొడుగ్గా సాగాలి. మొదటి భాగంలో గొంతంతా పెట్టేసినవాడికి ఇక్కడ శ్వాస మిగలదు. అది అయిన వెంటనే కూతురితో యుగళం, ఆపైన పగ తీర్చుకుంటానన్న ముగింపు. దాని చివర వెర్డి రాయని ఎ-ఫ్లాట్ పాడటం ఆనవాయితీ అయిపోయింది, అంటే మన లెక్కలో తార శుద్ధ ధైవతం. జనం టికెట్టు కొన్నది దానికే అన్నట్టు ఎదురుచూస్తారు. మన నాటకాల్లో పద్యానికి వన్స్ మోర్ కొట్టినట్టు ఆ ముగింపు మళ్లీ పాడమని అరిచే హాళ్లు ఇటలీలో ఇప్పటికీ ఉన్నాయి. ఇంకో చిక్కు గూని. నడుం వంచితే కింది పక్కటెముకలు తెరుచుకోవు, గాలి సగమే దిగుతుంది. అందుకే తెలిసినవాళ్లు దుస్తుల కింద మెత్త ఒక భుజం మీద కట్టించుకుని, వెన్ను నిటారుగానే ఉంచి, మోకాలు, మెడతో వంకర నటిస్తారు. లేకపోతే మూడో ప్రదర్శనకే నడుం, మోకాళ్లు పట్టేస్తాయి. ఇటలీ బారిటోన్ లియో నూచీ ఈ పాత్రను 500 సార్లకు పైగా పాడాడు, డెబ్బై దాటాక కూడా.

పాత్ర నేర్చుకునే పద్ధతి కూడా పిల్లలకు ముందే అలవాటు కావాలి. మొదట గొంతు వాడకూడదు. మాటకు మాట అర్థం రాసుకోవాలి, తన వాక్యాలకే కాదు, ఎదుటివాళ్ల వాక్యాలకూ. తర్వాత లయలో మాటలు చదవాలి. తర్వాత అచ్చుల మీద మాత్రమే స్వరం. ఆఖరున రెండూ కలపాలి. తప్పు స్వరంతో ఇరవై సార్లు పాడితే ఆ తప్పు కండరాల్లో ఉండిపోతుంది, దాన్ని వదిలించడం కొత్తగా నేర్చుకోవడం కంటే కష్టం. పెద్ద పాత్ర గొంతులో కుదురుకోవడానికి ఆరు నెలల నుంచి ఏడాది. భాషల్లో ఇటాలియన్, జర్మన్, ఫ్రెంచ్ తప్పనిసరి, రష్యన్, చెక్ ఆపైన. తెలుగు పిల్లలకు ఇటాలియన్ ఉచ్చారణ త్వరగా పట్టుబడుతుంది. అచ్చుతో ముగిసే మాటలు, ద్విత్వాలు మనకు కొత్త కాదు కదా. కానీ ‘ట’, ‘డ’లను మూర్ధన్యంగా పలికే అలవాటు వదలాలి. నాలుక పంటికి తగలాలి, మన ‘త’, ‘ద’ల్లాగా.

రిహార్సళ్లు మూడు నుంచి ఆరు వారాలు. రోజుకు రెండు పూటలు, దాదాపు ఆరు గంటలు. అన్నిసార్లూ పూర్తి గొంతుతో పాడేవాడు తొలి ప్రదర్శన నాటికి బొంగురుపోతాడు. అందుకే ‘మార్కింగ్’ చేస్తారు: పై స్వరాలను ఒక స్థాయి కింద, లేదా సన్నగా సూచించి వదిలేయడం. ఇదీ నేర్చుకోవాల్సిన విద్యే. గాలి ఆధారం లేకుండా గుసగుసగా పాడితే మామూలుగా పాడిన దానికంటే ఎక్కువ దెబ్బ.

ఆరోగ్యం విషయంలో కుర్రవాళ్లు జలుబుకు భయపడతారు. జలుబు వారంలో పోతుంది. నిజంగా కెరీర్‌లు తినేసేది కడుపులో ఆమ్లం. ప్రదర్శన రాత్రి పదకొండింటికి అయిపోతుంది, ఆకలి దంచేస్తుంది, పన్నెండింటికి భారీ భోజనం, ఒంటిగంటకు నిద్ర. ఆమ్లం పైకి వచ్చి స్వరతంతువుల వెనక భాగం వాస్తుంది. పొద్దున్నే గొంతు కింద స్వరాలు బాగుంటాయి, పైవి పలకవు. ప్రదర్శనకు మూడు నాలుగు గంటల ముందే సరిపడా తినడం, తర్వాత తేలికగా తినడం, మంచం తలవైపు కాస్త ఎత్తు చేయడం దీనికి విరుగుడు. ఆవకాయ, పులుసు అంటారా, ప్రదర్శనల వారంలో దూరంగా ఉండమని చెప్పక తప్పదు. రెండో ప్రమాదం నొప్పి మాత్రలు. ఆస్పిరిన్, ఐబూప్రొఫెన్ లాంటివి రక్తాన్ని పలుచన చేస్తాయి. వాచిన తంతువులతో పై స్వరం గట్టిగా తీస్తే లోపల చిన్న నాళం చిట్లవచ్చు. తార పంచమం పాడుతున్నప్పుడు ఆ రెండు తంతువులూ సెకనుకు 392 సార్లు ఒకదానికొకటి తగులుతాయని గుర్తుంచుకోండి. ప్రదర్శన రోజు కోసం డాక్టరు ఇచ్చే స్టెరాయిడ్ వాపు తగ్గిస్తుంది, దాంతో ప్రమాదం తెలియకుండా పోతుంది. హఠాత్తుగా గొంతు ఆగితే ఆ రాత్రికి నోరు మూసుకుని, గొంతు పరీక్ష చేసే నిపుణుడి దగ్గరికి వెళ్లడమే. వైబ్రాటో నెమ్మదించి సెకనుకు అయిదు లోపు పడుతుంటే అదీ హెచ్చరికే, అది ఎక్కువగా బరువు పాత్రలు ముందే తీసుకున్నవాళ్లలో కనిపిస్తుంది.

గొంతు బాగుండి కూడా స్టేజి వదలాల్సి రావచ్చు. 1989లో కార్డిఫ్ గాయకుల పోటీలో బ్రిన్ టెర్ఫెల్ మీద గెలిచిన సైబీరియా బారిటోన్ ద్మిత్రి హ్వొరొస్తోవ్‌స్కీకి 2015లో మెదడులో కణితి బయటపడింది. మొదట కనిపించిన లక్షణం తూలు. ఆ సెప్టెంబరులో మెట్రోపాలిటన్‌లో ‘ఇల్ ట్రొవతోరే’ పాడితే ఆర్కెస్ట్రా వాళ్లు పిట్‌లోంచి తెల్ల గులాబీలు విసిరారు. 2016 చివర ఇక నాటకాల్లో పాడలేనని చెప్పింది గొంతు పోయి కాదు, నిలబడే తూకం పోయి. మెట్లు, వాలు స్టేజి, చీకటి, కత్తియుద్ధం అన్నీ చేయాలి కదా. 2017 నవంబరులో 55 ఏళ్లకు చనిపోయాడు.

డబ్బు విషయం చిన్నగా చెబుతాను. స్వతంత్ర గాయకుడికి జీతం ఉండదు, ప్రదర్శనకు ఇంత అని ఉంటుంది. పాడకపోతే, సాధారణంగా, రాదు. ఆరు వారాలు రిహార్సల్ చేసి తొలి రాత్రి జ్వరం వస్తే ఆ పైకం ‘కవర్’ గాయకుడికి, అంటే బదులుగా సిద్ధంగా ఉంచినవాడికి, పోతుంది. ఏజెంటుకు పది శాతం చుట్టూ, పాత్రలు నేర్పే పియానిస్టుకు గంటకు ఇంత, ఊళ్లల్లో అద్దె సొంతంగా. పెద్ద హాళ్లు మూడు నుంచి అయిదేళ్ల ముందే బుక్ చేస్తాయి. అంటే ముప్ఫై ఒకటో ఏట ఒప్పుకున్న పాత్ర ముప్ఫై అయిదులో పాడతాడు, అప్పటికి గొంతు ఎలా ఉంటుందో ఇప్పుడే ఊహించాలి. జర్మనీలో ‘ఫెస్ట్’ ఒప్పందం అని ఉంది: నెల జీతం, బీమా, ఏడాదికి అయిదారు పాత్రలు, చాలాసార్లు ఆఖరి నిమిషంలో చెబుతారు. కుర్రవాళ్లు అక్కడే పని నేర్చుకుంటారు, కొందరు అక్కడే గొంతు పోగొట్టుకుంటారు. అమెరికాలో పెద్ద కంపెనీల కోరస్‌కు యూనియన్ ఉంది. ఆ యూనియన్ 1936లో మొదలైంది, తొలి అధ్యక్షుడు పైన చెప్పిన టిబెట్టే. కోరస్ ఉద్యోగాన్ని ఓటమిగా చూడకండి. ఇంటికి రోజూ వచ్చే బారిటోన్లు ఎక్కువగా అక్కడే ఉంటారు.

ఇప్పుడు మీవాడు చేయాల్సింది. వచ్చే పద్దెనిమిది నెలలు వారానికి ఒక పాఠం, రోజుకు నలభై నిమిషాల సాధన, దాన్ని ఇరవై చొప్పున రెండుగా విడగొట్టాలి. గొంతు మారిన రెండు మూడేళ్లలో అంతకు మించితే లాభం లేదు. ఒపెరా ఏరియాలు వద్దు. ‘కారో మియో బెన్’ లాంటి పాత ఇటాలియన్ పాటలు, రెండు మూడు ఇంగ్లీషు పాటలు, ఒక షూబర్ట్ చాలు. పుస్తకం కొనేటప్పుడు పై శ్రుతి సంపుటం కాకుండా మధ్యస్థ (మీడియం) లేదా కింది శ్రుతిది తీసుకోండి. చాలామంది ఇక్కడే పొరపడి టెనర్ సంపుటంతో అవస్థ పడతారు. పియానో తప్పనిసరి, కనీసం తన భాగం, బాస్ భాగం వాయించగలగాలి. పన్నెండో తరగతి శరదృతువులో రికార్డింగులు పంపాలి, డిసెంబరు 1 చుట్టూ గడువులు, ఎంపికైతే జనవరి నుంచి మార్చి మధ్య ముఖాముఖి ఆడిషన్లు. మీకు దగ్గర్లోనే డెంటన్‌లో నార్త్ టెక్సస్ యూనివర్సిటీ సంగీత కళాశాల పెద్దది. చూసి రండి. డిగ్రీ నాలుగేళ్లు, ఆపైన మాస్టర్స్ రెండేళ్లు, ఆపైన హ్యూస్టన్ గ్రాండ్ ఒపెరా స్టూడియో లాంటి శిక్షణ బృందాల్లో మరో రెండు మూడేళ్లు. ఇరవై ఎనిమిది వచ్చేదాకా ఇంటి నుంచి సాయం అవసరం పడుతుందనే లెక్క వేసుకోండి. మాస్టర్స్‌కు అప్పు చేసి వెళ్లడం మాత్రం నేను ఒప్పుకోను. స్కాలర్‌షిప్ ఇచ్చే చోటుకే వెళ్లాలి.

టీచరును ఎంచుకునేటప్పుడు ట్రయల్ పాఠానికి మీరూ వెళ్లి కూర్చోండి. అబ్బాయి తార గాంధారం పైకి వెళ్లినప్పుడు ఆమె లేదా ఆయన ఏం చేస్తారో చూడండి. ‘ఇంకా గట్టిగా’ అంటే లేచి వచ్చేయండి. అచ్చు మార్చమన్నా, గాలి గురించి అడిగినా, పాట అర్ధస్వరం దించి మళ్లీ పాడించినా మళ్లీ వెళ్లండి. పాఠం అయ్యాక కారులో వాడు మామూలుగా మాట్లాడుతున్నాడా, గొంతు సవరించుకుంటున్నాడా గమనించండి. గంట పాఠం తర్వాత మాట్లాడే గొంతు బరువెక్కితే ఆ పాఠంలో ఏదో తప్పు జరిగినట్టే. రెండుసార్లు అలా అయితే టీచరును మార్చండి. మూడోసారి కోసం ఆగకండి.